విదేశీ బడి ఇచ్చిన ఆఫర్ లెటర్‌ను చదివిపెట్టే సేవ: కట్టిన రుసుముకు తగ్గ ఫలితం ఉందా?

విదేశాల్లోని బడుల్లో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం చూసుకునేవారికి రెండు రకాల సేవలు దొరుకుతున్నాయి. మొదటిది, అభ్యర్థి దగ్గర ఏమీ తీసుకోకుండా బడికి టీచర్‌ను వెతికిపెట్టే నియామక ఏజెన్సీ. రెండవది, ఆఫర్ చేతికందిన తరువాత మాత్రమే రంగంలోకి దిగి, దానిని వాక్యం వాక్యం చదివి, ఏది అడగవచ్చో ఏది అడిగినా లాభం లేదో చెప్పి, అడిగే ఉత్తరాన్ని కూడా రాసిపెట్టి, అందుకు టీచర్ దగ్గరే రుసుము తీసుకునే సలహా సేవ. నేను ఉపయోగించుకున్నది ఈ రెండవ రకం సేవను. ఈ సమీక్షలో మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచే సేవలు మరికొన్ని ఉన్నందువల్ల, చదివేవారికి పేరు కన్నా పద్ధతి తెలియడమే ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒప్పందాన్ని చదివే పనిలో ఈ సేవ గట్టిది, బేరమాడే పనిలో బలహీనమైనది, రుసుము మాత్రం రెండింటికీ కలిపి వసూలు చేస్తుంది.

అసలు ఇలాంటి సేవ అవసరం ఎందుకు వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒప్పందం, కొన్ని మినహాయింపులకు వీలుంచుతూనే, ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు ఉద్యోగార్థుల దగ్గర నేరుగా గానీ పరోక్షంగా గానీ రుసుము వసూలు చేయకూడదని చెబుతుంది. ఆ సూత్రం మంచిది. టీచర్ దగ్గర డబ్బు అడిగే నియామక ఏజెన్సీకి దూరంగా ఉండడమే క్షేమం. అయితే దాని వెంటే వచ్చే ఒక పర్యవసానాన్ని చాలామంది గమనించరు. డబ్బిచ్చేది బడి అయినప్పుడు ఏజెన్సీకి ఖాతాదారు బడే అవుతుంది గానీ టీచర్ కాదు. జీతం గురించి ఇంకొంచెం అడగవచ్చా అని ఏజెన్సీ ప్రతినిధిని అడిగితే, అది వాళ్ల స్కేలనీ మారదనీ జవాబు రావడానికి ప్రధాన కారణం ఇదే. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ ప్రతినిధికి ఖాళీ త్వరగా నిండడం ముఖ్యం, టీచర్‌కు రాబోయే రెండేళ్లు ముఖ్యం. ఈ రెండు అవసరాలూ ఎప్పుడూ ఒక దారిన నడవవు. అందువల్ల టీచర్ దగ్గరే డబ్బు తీసుకుని టీచర్ పక్షానే మాట్లాడే మనిషి ఒకరు ఉండడంలో అర్థముంది.

పని జరిగే తీరు ఇది. ఆఫర్ లెటర్, ముసాయిదా ఒప్పందం, బయోడేటా, అర్హత పత్రాలు పంపాలి; వెంట ఎవరెవరు వస్తారో, పిల్లల వయసులేమిటో, స్వదేశంలో తీర్చవలసిన అప్పులేమైనా ఉన్నాయో అడిగే ఒక ఫారం నింపాలి. కొద్ది రోజుల్లో ఒప్పందంలోని ప్రతి అంశానికీ వ్యాఖ్య రాసిన ఒక నివేదిక వస్తుంది. తరువాత సలహాదారుతో వీడియో కాల్ ఉంటుంది. చివరగా బడికి పంపవలసిన ఉత్తరం ముసాయిదా ఇస్తారు. రుసుము ఒప్పందానికి ఇంత అని ముందే నిర్ణయించినది. పెరిగిన జీతంలో వాటా అడగరు. ఇది నాకు నచ్చింది. వాటా పద్ధతి పెట్టుకున్నవారికి నెల జీతం అంకెను పెంచడం మీదే దృష్టి ఉంటుంది, కానీ టీచర్ చేతికి చివరికి ఎంత మిగులుతుందన్నది ఆ ఒక్క అంకెతో తేలే విషయం కాదు.

నేను పంపినది యూఏఈలోని ఒక ప్రైవేటు బడి ఇచ్చిన ఆఫర్. దానిమీద వచ్చిన నివేదికలో మొదటి వ్యాఖ్యే రుసుములో సగానికి సరిపోయింది. ఆఫర్‌లో మొత్తం జీతం చక్కగా కనిపిస్తున్నా, అందులో బేసిక్ తక్కువగానూ, ఇంటికి, ప్రయాణానికి, ఇతరాలకు అంటూ చూపిన అలవెన్సులు ఎక్కువగానూ ఉన్నాయి. అక్కడి కార్మిక చట్టం, అంటే 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం, ఉద్యోగం ముగిసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ వేతనం చొప్పున, ఆపై ప్రతి ఏడాదికీ 30 రోజుల చొప్పున లెక్కిస్తారు. లెక్కలోకి వచ్చేది బేసిక్ మాత్రమే. తేలికగా ఉండడానికి మొత్తం నెలకు 12,000 దిర్హమ్‌లు అనుకుందాం. అందులో బేసిక్ 6,000 అయితే రోజుకు 200, ఏడాదికి గ్రాట్యుటీ 4,200. అదే మొత్తంలో బేసిక్ 9,000 అని రాస్తే రోజుకు 300, ఏడాదికి 6,300. ఐదేళ్లు పనిచేసి వెళ్లిపోయే టీచర్‌కు మొదటి పద్ధతిలో 21,000, రెండవ పద్ధతిలో 31,500 దిర్హమ్‌లు చేతికొస్తాయి. బడికి నెలనెలా అయ్యే ఖర్చులో ఒక్క దిర్హమ్ కూడా తేడా లేదు. అందుకే జీతం పెంచమని అడిగినప్పుడు బడ్జెట్ లేదని చెప్పే బడి కూడా, అదే మొత్తాన్ని వేరేగా విడదీయమని అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది. నేను ఆశించినంత కాకపోయినా నా విషయంలో బేసిక్ కొంత పెరిగింది. ఈ అంశం నాకై నేను కనిపెట్టగలిగేదాన్ని కాదు.

రెండవ వ్యాఖ్య ఒప్పందం ముగిసే తేదీ గురించి. ఆగస్టులో మొదలయ్యే రెండేళ్ల ఒప్పందం జూన్ చివరికి ముగుస్తుందా, ఆగస్టు చివరికి ముగుస్తుందా అన్నది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. జూన్‌తో ముగిస్తే రెండవ వేసవి సెలవుల జీతం రాదు. నెలకు 12,000 చొప్పున చూస్తే అది 24,000 దిర్హమ్‌ల తేడా. నెల జీతంలో 1,000 పెంచితే రెండేళ్లకు వచ్చే మొత్తం కూడా సరిగ్గా అంతే. జీతంలో వెయ్యి పెంచమని అడగడానికి నెలంతా మథనపడేవారు తేదీ దగ్గర సంతకం చేసేస్తారు. కొన్ని బడులు ఏడాది జీతాన్ని పది నెలలకు ఇస్తాయి, కొన్ని పన్నెండుకు పంచుతాయి; రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు నెల అంకెను కాక ఏడాది మొత్తాన్ని పక్కపక్కన పెట్టాలని నివేదిక చెప్పింది. సలహా సాధారణమైనదే అయినా, రెండు దేశాల ఆఫర్లు ముందున్నప్పుడు దానిని పాటించేవారు తక్కువ.

మూడవది పీరియడ్ల సంఖ్య. వారానికి 24 పీరియడ్లని మాటల్లో చెప్పి, ఒప్పందంలో బడి అవసరాన్ని బట్టి అని మాత్రమే రాస్తే, అది 28 కావడానికి అడ్డేమీ ఉండదు. ఆ నాలుగు పీరియడ్లు పనిని ఆరో వంతు పెంచుతాయి. అదే జీతానికి ఆరో వంతు పని పెరగడమంటే, అడిగి సాధించుకున్న ఐదు శాతం పెంపు ఆవిరైపోయినట్లే. దీనికి తోడు సెలవు పెట్టిన టీచర్ల క్లాసులు తీసుకోవడం, బడి వేళలు అయ్యాక నడిపే క్లబ్బులు, శనివారం కార్యక్రమాలు. వీటికి పరిమితిని అంకెల్లో రాయించుకోమని సలహాదారు గట్టిగా చెప్పారు. నా మాటగా ఒకటి చేర్చుతాను: ఇంగ్లిష్ టీచర్‌కు పీరియడ్ అంటే పీరియడ్‌తో అయిపోదు. దిద్దవలసిన వ్యాసాల కట్ట ఇంటికి వస్తుంది. ఒక్కో తరగతిలో ఎంతమంది పిల్లలు ఉంటారన్న ప్రశ్న జీతానికి సంబంధించినదేనని ఆ నివేదిక గుర్తించలేదు. అది రాసినవారు ఎప్పుడూ వ్యాసాలు దిద్ది ఉండరని నాకు అనుమానం.

ఇల్లు, విమాన టికెట్లు, వైద్య బీమా, సామాను రవాణా గురించి నివేదిక చెప్పినవన్నీ సరైనవే. ఎక్కడైనా దొరికే విషయాలే కాబట్టి వాటి మీద ఆగను. పిల్లల ఫీజు గురించి మాత్రం ఆగాలి. బడిలో టీచర్ పిల్లలకు ఫీజు మినహాయింపు ఉంటుందని ఆఫర్‌లో ఒక వాక్యం ఉంటే చాలామంది సంతోషపడి ఊరుకుంటారు. సలహాదారు వేసిన ప్రశ్నలు వేరే. మినహాయింపు ఎంతమంది పిల్లలకు? సగమా, మొత్తమా? పుస్తకాలు, బస్సు, యూనిఫాం, పరీక్ష రుసుములు అందులో ఉన్నాయా? సీటు ఖాళీ లేకపోతే ఏం చేస్తారు? ఏడాది మధ్యలో ఉద్యోగం మానేస్తే ఆ ఫీజును చివరి జీతంలోంచి కోసుకుంటారా? ఈ చివరి ప్రశ్నకు బడి నుంచి లిఖితంగా జవాబు రావడానికి రెండుసార్లు గుర్తు చేయవలసి వచ్చింది. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఇది నెల జీతం పెంపు కన్నా పెద్ద మొత్తమయ్యే సందర్భాలు ఉన్నాయి. హెచ్‌ఆర్ విభాగం దీనిని జీతంగా చూడదు. ఖాళీగా ఉండే సీటు ఎవరికిచ్చినా బడికి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. కాబట్టి ఇక్కడ అడగడం జీతం దగ్గర అడగడం కన్నా సులువు.

కొన్ని ఉద్యోగాల్లో బేరానికి చోటే ఉండదు, ఈ విషయం సేవ నిజాయితీగానే చెబుతుంది. జపాన్ ప్రభుత్వం 1987 నుంచి నడుపుతున్న జెట్ కార్యక్రమంలో సహాయక భాషా ఉపాధ్యాయుల జీతం ఏడాది ఏడాదికీ ముందే నిర్ణయించినది. 2012 నుంచి మొదటి ఏడాదికి 33.6 లక్షల యెన్లు, రెండవ ఏడాదికి 36 లక్షలు, మూడవ ఏడాదికి 39 లక్షలు, నాలుగు, ఐదు ఏళ్లకు 39.6 లక్షలుగా ఉండేది. 2025లో పెంచినప్పుడు మొదటి ఏడాది మొత్తం 40.2 లక్షలైంది. ఎంత అనుభవమున్న టీచరైనా, నిన్న పట్టా అందుకున్నవారైనా ఈ మెట్ల మీదే నడవాలి. తేడా ఉండేది ఇంటి అద్దెకు స్థానిక సంస్థ ఇచ్చే సాయంలో. అది పడిన ఊరిని బట్టి ఉంటుంది గానీ అడిగిన తీరును బట్టి కాదు.

దక్షిణ కొరియా ప్రభుత్వ బడుల్లో విదేశీ ఇంగ్లిష్ టీచర్లను నియమించే ఎపిక్ కార్యక్రమం ఇంకో రకం. అక్కడ జీతాన్ని శ్రేణులుగా విభజిస్తారు. ఏ శ్రేణిలో పడతారన్నది పట్టా, బోధన అర్హత, అనుభవం మీద ఆధారపడుతుంది. నోటితో బేరమాడితే అక్కడ పైసా పెరగదు, కానీ ఒక కాగితం పెంచగలదు. పాత బడి ఇచ్చిన అనుభవ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ, పూర్తికాలపు ఉద్యోగమనే మాట, సంతకం, ముద్ర స్పష్టంగా లేకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఒక ఏడాది అనుభవం లెక్కకు రాకపోతే కింది శ్రేణిలో పడవచ్చు. సేవ పంపిన నివేదికలో ఈ భాగం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే జీతం పెంచుకోవడమంటే మాట నేర్పు అనుకునేవారికి, కొన్ని దేశాల్లో అది గుమాస్తా పని అని అది తెలియజేస్తుంది. ఎపిక్ ఒప్పందంలో వారానికి 22 బోధన గంటలు, అవి దాటితే అదనపు వేతనం, రావడానికి 13 లక్షల వాన్‌లు, ఒప్పందం పూర్తిచేసి వెళ్లడానికి మరో 13 లక్షలు అని స్పష్టంగా ఉంటుంది. కొరియా చట్టం ప్రకారం ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి కనీసం 30 రోజుల సగటు వేతనం విడిగా రావాలి. ప్రైవేటు ట్యూషన్ సంస్థల ఆఫర్లలో ఒప్పందం పన్నెండు నెలలకు బదులు పదకొండు నెలలని ఉంటే దాని వెనక ఉన్న లెక్క ఇదే. ఏడాది నిండకపోతే ఆ మొత్తం రాదు.

ఇక్కడే పాస్‌పోర్టు మాట వస్తుంది. కొరియాలో ఇంగ్లిష్ బోధించడానికి ఇచ్చే ఈ-2 వీసాను మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు పరిమితం చేశారు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, ఇంగ్లిష్ బోధన అర్హత పత్రమున్న భారత పౌరులకు బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా ఒక దారి తెరిచింది. ఈ సంగతి సలహాదారుకు తెలియదు. నేనే చెప్పవలసి వచ్చింది. గల్ఫ్‌లోనూ తూర్పు ఆసియాలోనూ చాలా బడులు, చట్టం అడగకపోయినా, పాస్‌పోర్టును బట్టి వేర్వేరు స్కేళ్లు పెట్టుకుంటాయి. ఒకే కారిడార్‌లో, ఒకే పాఠ్యపుస్తకం చెప్పే ఇద్దరికి వేర్వేరు జీతాలు ఉండడం ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయం. దానిని ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్నకు సేవ ఇచ్చిన జవాబు ఆత్మవిశ్వాసంతో మాట్లాడమన్నది మాత్రమే. ఇది జవాబు కాదు. నాకు ఉపయోగపడిన పద్ధతి వేరు: ఈ పదవికి జీతం స్కేలు ఉందా, అందులో నన్ను ఏ మెట్టు మీద ఉంచారు, ఎన్నేళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకున్నారు అని మర్యాదగా, లిఖితంగా అడగడం. స్కేలు ఉన్న బడి చెప్పక తప్పదు. స్కేలు లేదని చెప్పిన బడి, జీతం మారదని చెప్పే హక్కును తానే వదులుకుంటుంది. చాలా అంతర్జాతీయ బడులు బయటి అనుభవాన్ని ఒక పరిమితి వరకే లెక్కిస్తాయి. ఆ పరిమితి అందరికీ ఒకటేనా అన్నది అడగదగిన ప్రశ్నే.

ఇక ఉత్తరం సంగతి. సేవలో నాకు బాగా అసంతృప్తి కలిగించినది ఇదే. వచ్చిన ముసాయిదా ఏ రంగంలోని ఏ ఉద్యోగికైనా సరిపోయే మూసలో ఉంది. మార్కెట్ రేటు, నా విలువ, నేను తెచ్చే ఫలితాలు అంటూ కంపెనీ అమ్మకాల విభాగంవారు రాసుకునే మాటలు బడి ప్రిన్సిపాల్ చదివితే ఎలా ఉంటుందో రాసినవారు ఆలోచించలేదు. పైగా ఒకే ఉత్తరంలో జీతం, బేసిక్, టికెట్లు, పిల్లల ఫీజు, పీరియడ్ల పరిమితి అన్నీ ఒకదాని వెంట ఒకటి అడిగారు. అలా అడిగితే హెచ్‌ఆర్ విభాగం వాటిలో చౌకైనదానికి ఒప్పుకుని, మిగతావాటి గురించి మాట్లాడకుండా, మీ అభ్యర్థనను పరిగణించామని రాసి ముగిస్తుంది. నేను ఆ ముసాయిదాను పక్కనపెట్టి రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానిలో అడగడం ఏమీ లేదు, ప్రశ్నలే ఉన్నాయి: ముగింపు తేదీ, పీరియడ్లు, ఫీజు మినహాయింపు నియమాలు. వాటికి జవాబులు వచ్చిన తరువాత, ఆ జవాబుల ఆధారంగానే రెండవ ఉత్తరంలో రెండు విషయాలు అడిగాను: బేసిక్ విభజన, ముగింపు తేదీ. ఒప్పుకుంటే వెంటనే సంతకం చేస్తానని కూడా రాశాను. ఆ చివరి మాట ముసాయిదాలో లేదు. నియామకం చేసేవారికి అడిగినది ఇస్తే పని పూర్తవుతుందన్న భరోసా కావాలి. ఒకటి ఇస్తే మరొకటి అడుగుతారేమోనన్న భయం ఉన్నంతకాలం వారు ఏదీ ఇవ్వరు.

వీడియో కాల్ మాత్రం బాగుంది. ఎంత ఆశిస్తున్నారు అన్న ప్రశ్నను ఇంటర్వ్యూలో ఎదుర్కోవడం ఎలాగో సలహాదారు సాధన చేయించారు. అంకె ముందు చెప్పకుండా, ఈ పదవికి బడి అనుకున్న పరిధి ఏమిటో తెలిస్తే మాట్లాడగలనని చెప్పి, అయినా గట్టిగా అడిగితే పరిధిని కాక ఒక అంకెనే చెప్పమన్నారు. పరిధి చెబితే వినేవారికి దాని కింది అంచే వినిపిస్తుందన్నది వారి వాదన, నాకు సరైనదే అనిపించింది. పాత జీతం అడిగితే ఏం చేయాలన్నదానికి కూడా సూటిగా చెప్పారు: అబద్ధం చెప్పవద్దు, వేరే దేశపు జీవన వ్యయంతో ముడిపడిన అంకె ఇక్కడ పోలికకు పనికిరాదని చెప్పి మాటను పదవి వైపు తిప్పండి. బయోడేటాలో అర్హతలు రాసిన తీరును కూడా దిద్దారు. ఇంగ్లిష్ బోధన అర్హత కోసం కేంబ్రిడ్జి వారు నడిపే సెల్టా కోర్సులో కనీసం 120 గంటల శిక్షణ, ఆరు గంటల పర్యవేక్షిత బోధన ఉంటాయి. 120 గంటలని చెప్పుకునే ఆన్‌లైన్ సర్టిఫికెట్లలో చాలావాటికి ఆ ఆరు గంటలు ఉండవు. జీతం నిర్ణయించేవారు చూసేది ఆ ఆరు గంటలనే కాబట్టి వాటిని మొదటి పేజీలో కనిపించేలా పెట్టమన్నారు.

నివేదికలో లెక్కల భాగం అన్ని దేశాలకూ ఒకే నాణ్యతతో లేదు. గల్ఫ్ దేశాల విషయంలో బలంగా ఉంది. చైనా విషయంలో నాతో పనిచేసే ఒక మిత్రురాలికి వచ్చిన నివేదిక చూస్తే నిరాశ కలిగింది. ఆమెకు వచ్చిన ఆఫర్‌లో జీతం మొత్తాన్నీ ఒకే అంకెగా చూపించారు. చైనాలో వ్యక్తిగత ఆదాయ పన్ను 3 శాతం నుంచి 45 శాతం వరకు శ్రేణులుగా ఉంటుంది, నెలకు 5,000 యువాన్ల ప్రాథమిక మినహాయింపు ఉంటుంది. విదేశీ ఉద్యోగులకు ఇంటి అద్దె, పిల్లల చదువు, స్వదేశ ప్రయాణం వంటి అలవెన్సులపై పన్ను మినహాయింపును 2027 చివరి వరకు పొడిగించారు; దానికి అధికారిక రసీదులు కావాలి. అంటే యూఏఈలో బేసిక్ పెద్దదిగా ఉండడం లాభమైతే, చైనాలో అద్దె అలవెన్సును విడిగా చూపించడం లాభం. సలహా దేశం మారితే తలకిందులవుతుంది. ఆమెకు వచ్చిన నివేదికలో గల్ఫ్ సలహానే అచ్చు గుద్దినట్లు పెట్టారు. ఆమె ప్రశ్నించిన తరువాత సరిదిద్దిన నివేదిక పంపారు, క్షమాపణ కూడా చెప్పారు. కానీ ప్రశ్నించాలని తెలిసినవారికి ఆ సేవ అవసరమే తక్కువ.

మారకపు రేటు విషయంలోనూ ఇలాంటి లోపమే ఉంది. ప్రతి ఆఫర్‌నూ ఆ రోజు రేటుతో డాలర్లలోకి మార్చి పట్టికలో పెడతారు. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి అక్కడ ఆ పట్టిక రెండేళ్ల తరువాత కూడా నిలుస్తుంది. యెన్ అలా కాదు. 2021 ఆరంభంలో డాలరుకు సుమారు 103 యెన్లు ఉండగా, 2024 జూలైలో 160 దాటింది. జపాన్‌లో ఖర్చుపెట్టుకుని జపాన్‌లోనే బతికేవారికి దీని ప్రభావం కొంతే, కానీ జీతంలో సగం ఇంటికి పంపి అప్పు తీర్చేవారికి ఆ మూడేళ్లలో పంపే మొత్తం మూడో వంతుకు పైగా కరిగిపోయింది. అప్పుల గురించి ఫారంలో అడిగిన సేవ, ఆ సమాచారాన్ని ఈ లెక్కలో ఎక్కడా వాడలేదు.

అడిగే సమయం గురించి నివేదికలో ఒక పేరా మాత్రమే ఉంది, అది మాత్రం విలువైనది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే అంతర్జాతీయ బడులు అంతకు ముందు చలికాలంలోనే నియామకాలు చాలావరకు ముగిస్తాయి. అప్పుడు బడికి అభ్యర్థులు ఎక్కువ. మే, జూన్‌లలో ఎవరో అకస్మాత్తుగా మానేయడం వల్ల వచ్చే ఖాళీకి అభ్యర్థులు తక్కువ, తొందర ఎక్కువ. ఆ వేళ వచ్చిన ఆఫర్ మీద అడగడానికి బలం ఉంటుంది, కానీ వీసా పత్రాల ధ్రువీకరణకు సమయం చాలకపోవచ్చు. ఒక దేశపు పత్రాలను మరో దేశం ఒకే ధ్రువీకరణతో ఒప్పుకునేలా చేసే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు కాబట్టి రాయబార కార్యాలయం దాకా వెళ్లే ధ్రువీకరణ కావాలి. చైనా 2023 నవంబరులో ఆ ఒప్పందంలోకి వచ్చినందువల్ల ఒక అంచె తగ్గింది. ఈ ధ్రువీకరణ ఖర్చు బడి ఇస్తుందా అన్నది కూడా అడగవలసిన జాబితాలోనిదే. పైన చెప్పిన యూఏఈ చట్టం నియామక ఖర్చులను ఉద్యోగి మీద వేయకూడదని అంటున్నా, పత్రాల ధ్రువీకరణను ఆ ఖర్చులో కలుపుతారా లేదా అన్నదాన్ని ఆఫర్‌లోనే తేల్చుకోవడం మంచిది.

గోప్యత గురించి ఒక హెచ్చరిక. ఫారంలో పాస్‌పోర్టు నకలు అడుగుతారు. ఒప్పందం చదవడానికి పాస్‌పోర్టుతో పనిలేదు. నేను పంపలేదు, పని ఆగలేదు. ఆఫర్ లెటర్‌లో కూడా పేరు, పుట్టిన తేదీ, బడి పేరు కనిపించకుండా చేసి పంపవచ్చు. గోప్యంగా ఉంచుతానని ఆఫర్‌లో షరతు ఉంటే, బయటివారికి చూపించే ముందు ఆ షరతును చదవాలి.

జెట్, ఎపిక్ వంటి నిర్ణీత స్కేలు ఉద్యోగాలకు వెళ్లేవారు ఈ సేవకు డబ్బు పెట్టనక్కర లేదు. ఆ కార్యక్రమాల నియమాలు బహిరంగంగానే ఉన్నాయి, ఓపికగా చదివితే చాలు. ప్రైవేటు బడి నుంచి మొదటిసారి ఆఫర్ వచ్చినవారికి, ముఖ్యంగా కుటుంబంతో వెళ్లేవారికి, నివేదిక, వీడియో కాల్ రెండూ రుసుముకు తగినవే. ఉత్తరం మాత్రం స్వయంగా రాసుకోవాలి. ఇంగ్లిష్ టీచర్‌కు ఆ పని ఒకరు చేసిపెట్టవలసిన అవసరం ఉందని నేను అనుకోను. ఉత్తరం లేకుండా నివేదికను మాత్రమే తక్కువ రుసుముకు ఇస్తారా అని అడిగితే, అలాంటి ఏర్పాటు లేదన్నారు.

ఒప్పందం పొడిగింపు వేళ కూడా ఈ సేవ అదే రుసుము అడుగుతుంది, అదే ఫారం నింపిస్తుంది. నిజానికి టీచర్ మాట అన్నిటికన్నా ఎక్కువ చెల్లే సమయం అదే. పిల్లలకు, తల్లిదండ్రులకు అలవాటైన టీచర్ వెళ్లిపోతే కొత్తవారి వీసా, టికెట్లు, ఏజెన్సీ రుసుము, స్థిరపడే అలవెన్సు అన్నీ బడి మళ్లీ భరించాలి. ఆ ఖర్చును అంచనా వేసి, పొడిగింపు కోరేముందే టీచర్ చేతిలో పెట్టగలిగితే మంచి నివేదిక అవుతుంది. ఇప్పుడున్న ఫారంలో మాత్రం పొడిగింపు వేళ కూడా, ఈ బడి గురించి మీకు ఎలా తెలిసింది అనే ప్రశ్నే మొదట వస్తుంది.